తెప్పమానులో నా గొంతు

ఆగింది. ఆగక ఆగక ఇక్కడా ఆగడం? దువ్వాడ స్టేషను కూతవేటు దూరంలో కనిపిస్తూనే ఉంది. సిగ్నలు చెయ్యి అడ్డంగా చాపుకుని కదలనంటోంది, ఇంజను ఒక్క కూత కూసి నోరు మూసుకుంది. పొద్దున్నే దిగాల్సిన హైదరాబాదు బండి ఇది. ముందెక్కడో గూడ్సు పట్టాలు దిగిందట, రాత్రంతా ప్రతి స్టేషన్లోనూ కూలబెట్టి తీసుకొచ్చారు, ఇప్పుడేమో ఊరి గడప ముందు నిలబెట్టారు. ఆదివారం. ఒంటిగంటన్నర. చెవిటివాళ్ల వార్తలు అయిపోయి ఉంటాయి. ఢిల్లీ వాళ్లు దేశమంతటికీ వేసే మధ్యాహ్నం సినిమా మొదలవుతూ ఉంటుంది. వారానికో భాష. ఈ వారం తెలుగు వంతు. ఆ సినిమా పేరు తెప్పమాను. అందులో నాయికని నేను. ఈ పెట్టెలో ఇంతమంది చెమటలు కక్కుతూ కూర్చున్నారు కదా, ఆ సంగతి తెలిసినవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు. నేను తప్ప.

నేనెవరో మాత్రం అందరికీ తెలుసు. తునిలో ఎక్కినతను, వీర్రాజట, ఉక్కు ఫ్యాక్టరీలో వెల్డింగు పని, అప్పట్నుంచీ నా మొహమే చూస్తున్నాడు. చూసీ చూసీ ఇక ఆగలేకపోయాడు.

“అత్తా, ఓపాలి ఆ మాటనీయండత్తా. మా పిల్లలు పడీ పడీ నవ్వుతారు.”

“ఏరీ పిల్లలు?”

“ఇంటికాడున్నారు. నానినెల్లి ఆల్లకి సెప్తాను.”

పెట్టెంతా ఇటు తిరిగింది. ఏం చేస్తాను, చీర కొంగు బొడ్లో దోపి, నడుమ్మీద చెయ్యేసి, మూతి మూడు వంకర్లు తిప్పి అనేశాను. “నాను సెప్తే ఎవులింతారు!” ఒకటే నవ్వులు. పై బెర్తు మీద పడుకున్న ముసలాయన కూడా లేచి కూర్చుని నవ్వాడు. ప్రతి మంగళవారం సాయంత్రం సూరమ్మత్త ఈ మాట అనగానే ఊళ్లో ఇళ్లన్నీ ఇలాగే నవ్వుతాయట. సూరమ్మత్త అంటే నేను వేసే వేషం. టీవీలో వాటాల ఇంట్లో అందరి గొడవల్లోనూ తలదూర్చే ముసలమ్మ. నలభై దాటిన నాకు తలకి తెల్లరంగు పూసి ఇచ్చారు. సాయంత్రం ఉక్కునగరం క్లబ్బులో ఆ ముసలమ్మకే శాలువా. తేదీ ఎప్పుడో ఇచ్చేశాను. పోయిన ఆదివారం టీవీలో వచ్చేవారం సినిమా పేరు చెప్పినప్పుడు కూర్చున్నదాన్ని లేచి నిలబడిపోయాను. పరవాలేదులే, పొద్దున్నే దిగుతాను, గెస్టుహౌసులో టీవీ ఉందన్నారు, తలుపేసుకుని ఒక్కదాన్నే చూసుకుంటాననుకున్నాను. ఇదిగో, చూస్తున్నాను. కిటికీలోంచి తుమ్మచెట్లు.

“అదికాదత్తా,” అంటున్నాడు వీర్రాజు, “మీలాటోల్లు సినిమాల్లోకెల్లకపోతే ఎలగ? ఎందుకెల్లలేదేటి?”

పేపర్ల వాళ్లూ అదే అడుగుతారు. సినిమాల్లో ప్రయత్నించలేదా అమ్మా, అని. ఏడేళ్లు మద్రాసులో గడ్డి పీకాననుకుంటున్నారు కాబోలు. నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు పేర్లు పడుతుంటాయి. నల్లటి తెర, దాని మీద అల చప్పుడు, ఆ చప్పుడు ఒక్కటీ నిజమే, దాన్ని ఎవడూ మద్రాసు నుంచి తెచ్చి అతికించలేదు. మొదట నా పేరు. తాయారు. ఆ పేరు నాది కాదు. నా పేరు షంషాద్. పాతపట్నంలో తెరచాపలు కుట్టే ఖాదర్ కూతుర్ని. ప్రొడక్షను మేనేజరొకడు, షంషాద్ అని వేస్తే హిందీ సినిమా అనుకుని వెనక్కి పోతారమ్మా అని, వాడి మరదలి పేరు నాకు తగిలించాడు. అబ్బాజాన్‌కి చెప్పడానికి భయపడ్డాను. ఆయన పళ్లమధ్య దారం తెంపుకుంటూ, “పేరుదేముంది బేటీ, గుడ్డకి ఏ రంగేసినా గాలి పడితే చాలు,” అన్నాడు. ఆయన కూర్చుంటే చుట్టూ చాపగుడ్డ కొండలా ఉండేది. గుడ్డకి పట్టించే చింతగింజ గంజి వాసన, సముద్రపు వాసన కలిసి. జాలరిపేట తెప్పలకి ఆయనే కుట్టేవాడు. కుట్టినవి మోసుకుని ఆయనతో పేటకి వెళ్లేదాన్ని. ఇంట్లో అమ్మీ ఉర్దూ, వీధిలో వీధి తెలుగు, పేటలో పేట తెలుగు. మూడూ నోట్లో ఒకేసారి ఊరాయి. బళ్లో పంతులుగారు మాత్రం నోరు తెరిస్తే చాలు నవ్వేవాడు. ఆ నవ్వే మొదటిది. ఇప్పుడు ఈ పెట్టెలో నవ్వు ఎన్నోదో.

ఇప్పుడు మొదటి సీను. తెల్లవారుజాము, తెప్ప నీళ్లలోకి తోస్తుంటారు, నేను వెనక నుంచి వచ్చి గంజి కుండ ఇస్తాను. ఆ నడక నాదే. ఆ వీపు నాదే. సినిమా అంతా నాదే ఆ మాటకొస్తే. అంతకు ముందు ఏడేళ్లూ నేను ముక్కలు ముక్కలుగా ఉన్నాను. ఒక సినిమాలో చేతులు. నాయిక చేపలు కోయాలి, ఆ పిల్లకి వాసనకే కళ్లు తిరిగాయి, నన్ను కూర్చోబెట్టి నా చేతులు తీశారు. హాల్లో జనం అబ్బ ఎంత బాగా కోస్తోందో అన్నారు. ఒక సినిమాలో పాదాలు. ఇంకోదాంట్లో నాయిక వెనక పకపకా నవ్వే నలుగురిలో చివరిదాన్ని, నవ్వు కూడా మాది కాదు, వేరేవాళ్లతో నవ్వించి పెట్టారు. పనిమనిషి వేషాలు ఎన్ని వేశానో. ఎక్కడ మొహం ఉంటే అక్కడ గొంతు లేదు, ఎక్కడ చెయ్యి ఉంటే అక్కడ మొహం లేదు. అన్నీ ఏరి తెచ్చి కుడితే ఒక మనిషి అవుతుందేమో. అబ్బాజాన్ కుట్టి ఉండేవాడు. వడపళనిలో గది, ఆరుగురం ఆడవాళ్లం, అందరిదీ ఇదే కథ. పోరాడదాం, మా పేర్లు వెయ్యమందాం అని నేనంటే, ఊరుకోవే, ఉన్న వేషం పోతుంది, అనేవాళ్లు. వేషం లేదే నా తల్లీ, ఉన్నవి చేతులే, అని నేను. అందరం నవ్వుకునేవాళ్లం. ఆకలి మీద నవ్వు భలే వస్తుంది.

బండి కదిలినట్టే కదిలి మళ్లీ నిలిచింది. ఎవరో తిట్టారు. వీర్రాజు దిగి కంకర మీద నిలబడి బీడీ కాలుస్తున్నాడు. “బొగ్గు గూడ్సు అడ్డం ఉందట బావా,” అని ఎవడితోనో అంటున్నాడు. “గంట పడతాదో, రెండు పడతాదో.” పట్టాలకి అవతల ఇళ్లు. మొన్నటిదాకా చెరుకు తోటలు, ఇప్పుడు ఇళ్లు. ప్రతి డాబా మీదా యాంటెనా. అల్యూమినియం చేపముల్లు ఎండలో ఆరబెట్టినట్టు. వాటిల్లోంచి నేను దిగుతున్నాను ఇప్పుడు. ఆ గొట్టాల్లోంచి, తీగల్లోంచి, ఆ గదుల్లోకి. నేనిక్కడ కంకర చూస్తూ కూర్చున్నాను. పైగా ఇది పోతే మళ్లీ లేదు. తెప్పమాను ప్రింట్లు మద్రాసులో వెండికోసం కడిగేశారని ఆ సినిమా తీసిన నీలకంఠమే చెప్పాడు. పాత సినిమాల్ని అలాగే చేస్తారు, రసాయనంలో వేసి కడిగితే రీళ్లలోంచి కాస్త వెండి వస్తుంది. నా మొహం ఏ పెళ్లికూతురి కాలి మట్టెలయిందో. ఢిల్లీ వాళ్లు యోగ్యతాపత్రం ఇచ్చి ఒక ప్రింటు పుచ్చుకున్నారు, మిగిలింది అదొక్కటే. ఇవాళ అది తిరుగుతోంది.

నీలకంఠం. పిల్లి గడ్డం, భుజాన సంచి. పూనాలో చదువుకొచ్చాడు. డెబ్భై ఆరులో అనుకుంటా, మాట్లాడాలంటే అందరూ అటూ ఇటూ చూసుకునే రోజులు. నన్ను వడపళని గదిలో వెతికి పట్టుకుని, మీ ఊళ్లోనే తీస్తున్నాను, జాలరి పెళ్లాం వేషం, మీ మాట మాట్లాడే మనిషి కావాలి అన్నాడు. మీ మాట అన్నాడు. నేను ఆ మాటకే పడిపోయాను. పేటలో దేముడమ్మ గుడిసె ముందు దిగాం. దేముడమ్మ నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు, అబ్బాజాన్ చాప కుట్టి తెస్తే వేలితో కుట్టు లాగి లాగి చూసేది. నన్ను చూసి, “కాదర్ బాబు గుంటవి కాదేటే నువ్వు? ఎండిపోనావు. మద్రాసులో కూడెట్టరేటి?” అంది. కథలో మొగుడు వేటకెళ్లి రాడు, ఒడ్డున కూర్చుని ఏడవాలి, పేటలో ఆడవాళ్లు ఏడ్చినట్టు. అది నేర్పమన్నాను.

“మొగుడి పేరేటి?”

“కథలో సూర్యం.”

“సూర్యాలు ఈ పేటలో ఇద్దరున్నారు. ఒకడు ఇప్పుడు ఏటలో ఉన్నాడు. నీ నోట్నించి ఆడి పేరు పడిందంటే ఆడి పెల్లాం నిన్ను సీపురుతో కొడతాది.”

“అయితే లేని పేరు పెడతాను.”

“లేని పేరుంటాదేటే గుంటా? ఏ ఊర్లోనో ఎవులికో ఉంటాది. సముద్రానికి ఊర్లు తెల్దు.”

చాలాసేపు వల ముడులు వేసుకుంటూ కూర్చుంది. ఏడుపు అంటే వాళ్లకి ఊరికే కారే నీళ్లు కాదు. పిలుపు. పేరు పెట్టి పిలవాలి, పోయినవాడు ఏం తిన్నాడో, ఏం వదిలాడో, ఒక్కొక్కటీ ఎత్తి అడగాలి. శవం ఒడ్డుకి వస్తేనే ఆ పిలుపు. రాకపోతే లేదు. ఏడిస్తే పోయాడని ఒప్పుకున్నట్టే కదా. దేముడమ్మ తమ్ముడు దాలయ్య అలా వెళ్లి రాలేదు. ఇవాళ వస్తాడు, రేపొస్తాడు, కళింగపట్నం ఒడ్డున పడ్డాడట, గోపాల్‌పూర్‌లో కనపడ్డాడట అంటూనే వాళ్లమ్మ ఎవర్నీ ఏడవనివ్వలేదు. ఆమె పోయింది. ఏళ్లు పోయాయి. ఇక ఏడవాలంటే ఏ రోజున మొదలుపెట్టాలి? ఎవరికీ తెలియలేదు.

“మా దాలయ్య పేరెట్టు,” అంది దేముడమ్మ, వల మీంచి తలెత్తకుండా. “ఆడికి ఏడిసినోల్లు లేరు. సినిమాలో అయితే ఎప్పుడూ ఉంటాది కదేటి?”

ఉంటుందన్నాను. నీలకంఠం కూడా ఉంటుందన్నాడు. కథలో పేరు కూడా దాలయ్య అనే మార్చేస్తానన్నాడు. నీ గొంతే ఉంచుతానమ్మా అన్నాడు. అప్పుడు నిజంగానే అనుకున్నాడు పాపం.

ఇప్పుడు సగం అయి ఉంటుంది. ఇప్పుడు సంతలో పోట్లాట. నేను గంప దించి మారుబేరగాణ్ని కడిగేస్తాను. అది నాకు చాలా ఇష్టమైన సీను, ఆ తిట్లు పేట ఆడవాళ్లు వంతులేసుకుని నేర్పారు. ఇప్పుడు ఆ తిట్లు ఏ గొంతులో వస్తున్నాయో తలుచుకుంటేనే... ఇంకాసేపటికి ఆ సీను. ఒడ్డు సీను. తీసిన రోజు ఎండ ఇలాగే ఉంది. మిట్టమధ్యాహ్నం ఆడవాళ్లందర్నీ జుట్టు విప్పుకుని ఇసకలో కూర్చోమన్నాడు నీలకంఠం. నేను మధ్యలో. దేముడమ్మ నా వెనకే, నా వీపుకి ఆమె మోకాలు తగిలేంత దగ్గర. మొదలుపెట్టాను. రెండు పిలుపులు నేను పిలిచానో లేదో, వెనక దేముడమ్మ అందుకుంది. తర్వాత పక్కామె. ఆమె పిలిచింది దాలయ్యని కాదు, ఆమెకి పోయినవాణ్ని. ఇంకొకామె ఇంకొకణ్ని. ఎవరి పేరు వాళ్లు. ఒడ్డంతా పేర్లే. నీలకంఠం కట్ చెప్పలేకపోయాడు. సముద్రంలో తెప్పలున్నాయి కదా, వేటలో ఉన్నవాళ్లు చూశారు. పట్టపగలు ఆడోళ్లు జుట్టు విరబోసుకుని గుంపుగా ఇసకలో కూర్చుంటే ఒడ్డుకి ఒకటే అర్థం. వలలు సగంలో లాగేసి, చాపలు దించేసి, తెడ్లు వేసుకుంటూ అన్నీ తిరుగుముఖం పట్టాయి. మోకాలి లోతు నీళ్లలోనే దూకేసి పరిగెత్తుకొచ్చారు. ఒక్కొక్కడూ గుంపులో తన వాళ్లని వెతుక్కుంటూ, “ఎవులే? ఎవులే పోనారు?” అని. మేము ఏడుపు ఆపలేక, చెప్పలేక. చివరికి దేముడమ్మ ముక్కు చీది, “దాలయ్యరా,” అంది. తాతబాబని తెప్పలవాళ్లని వేటకి నడిపించే పెద్ద తండేలు ఉండేవాడు, ఆయన నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

“దాలయ్యా? ఆడు పోయి ఇరవయ్యేల్లయింది కదే! ఇప్పుడేడుత్తారేటే సచ్చినోల్లారా, మా ఏట సెడగొట్టి!”

కెమెరా మీద పట్టిన గొడుగు లాక్కుని నీలకంఠాన్ని తరిమాడు. అంతటి ఏడుపులోనూ ఆడవాళ్లంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. తర్వాత తాతబాబే ఇసకలో కూలబడి, తలగుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. దాలయ్య ఆయన తెప్ప మీదే వెళ్లాడట. ఆ తిరిగొచ్చే తెప్పలు సినిమాలో ఉన్నాయి. రాయనివి, ఎవడూ చెప్పనివి. ఢిల్లీ వాళ్లు యోగ్యతాపత్రం ఇచ్చింది అందుకే, నాకు తెలుసు. పత్రం మీద నా పేరు లేదు, సరే, తెప్పలవాళ్ల పేర్లూ లేవు.

తర్వాత మద్రాసు. బయట తీసిన సినిమాకి గొంతులన్నీ తర్వాత థియేటర్లో పెడతారు, తెర మీద బొమ్మ తిప్పుతూ పెదాలకి సరిపడా మాట్లాడాలి. రమ్మన్న రోజుకి వెళ్లాను. అద్దం అవతల మైకు ముందు వేరే ఆమె నిలబడి ఉంది. పంపిణీదారు ఒప్పుకోలేదట. నాయిక ఆ యాసలో ఏడిస్తే జనం నవ్వుతారన్నాడట. నీలకంఠం నా వైపు చూడలేదు. మాటలు కూడా కొత్తగా రాయించారు. స్వామీ, నన్ను విడిచి ఏ లోకాలకు తరలిపోయావు, అని. ఆమె ఎంత బాగా ఏడ్చిందో! ఒక రీలు ఏడ్చి, ఫ్లాస్కులో టీ తాగి, ఇంకో రీలు ఏడ్చింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె పేరూ వెయ్యలేదు. గొంతు అమ్ముకున్నది ఆమె, మొహం అమ్ముకున్నది నేను, ఇద్దరం కూలీలమే. కోపం ఆ రూలు మీద. ఎవడు రాశాడా రూలు? ఈ నోటితో దొంగ మాట్లాడొచ్చు, బంట్రోతు మాట్లాడొచ్చు, తాగుబోతు మాట్లాడొచ్చు. నవ్వించడానికి పనికొస్తుంది. మొగుడు చచ్చిపోతే ఏడవడానికి మాత్రం పనికిరాదు. గుంటూరువాడి శోకం శోకం, మాది వేళాకోళం. అదే నోరు, అదే యాస, పదేళ్ల తర్వాత హైదరాబాదులో ఒకాయన, తాయారుగారూ, అలాగే మాట్లాడండి, భలే నవ్వొస్తుంది, అన్నాడు. మాట్లాడాను. ఎందుకు మాట్లాడనూ? ఎలాగైతేనేం, నా గొంతు నా మొహం లోంచి మొదటిసారి వచ్చింది. నవ్వితే నవ్వారు. ఆ ముసలమ్మంటే నాకు ప్రేమే. కానీ దాలయ్య...

సినిమా విశాఖలో ఒక్క హాల్లో వేశారు. పేటంతా కదిలి వెళ్లింది. తలంటు పోసుకుని, కనకాంబరాలు పెట్టుకుని, నేల టిక్కెట్లో దేముడమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. సంత సీనులో ఏదో తేడా పట్టేసి నా మొహంలోకి చూసింది. ఒడ్డు సీను వచ్చింది. స్వామీ, అంది తెర. దేముడమ్మ చుట్టూ చూసింది. “ఎవులే ఆ సామి?” అంది.  ఇంకా పిలుస్తారేమో, ఇంకాసేపటికి పిలుస్తారేమో అని ఆఖరిదాకా కూర్చుంది. బయటికొచ్చాక నా మీద కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నా గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసింది, దెబ్బ ఎక్కడ తగిలిందో చూసినట్టు. “నోరు నీదే. ఏడుపెవుల్దే గుంటా?” అంది. నాలుగు రోజులకి సినిమా ఎత్తేశారు. దేముడమ్మ పోయిన ఏడాది పోయింది. ఆమెకి ఏడ్చినవాళ్లున్నారు, చాలామంది. ఇక దాలయ్య అనే ఒకడు ఉన్నాడని ఎవరికి...

లేచాను. ఇక ఒక్క నిమిషం కూర్చోలేను. తలుపు దగ్గరికొచ్చి చూస్తే మెట్టుకీ కంకరకీ మధ్య నా అంత ఎత్తు. చీర మోకాళ్లదాకా ఎగ్గట్టాను.

“ఓలమ్మో, అత్తా! ఎటెల్తన్నారు? బండి కదిలిపోద్ది!” వీర్రాజు బీడీ పారేసి పరిగెత్తుకొచ్చాడు.

“పొయ్యేదాన్ని పోనీ. నా సామాను దువ్వాడలో దించేయ్. చెయ్యియ్యి ముందు.”

దూకాను. మోకాలు కొట్టుకుంది. పెట్టెలో జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చప్పట్లు కొట్టారు, సూరమ్మత్త వేషమనుకున్నారు. తుప్పలు దాటి, మురుగ్గుంట దాటి, కనపడ్డ మొదటి యాంటెనా కిందకి నడిచాను. నడిచానా, పరిగెత్తానా. తలుపు తీసే ఉంది. ముందుగదిలో నలుపు తెలుపు టీవీ, దాని ముందు పదిమంది దాకా. ఇద్దరు మొగాళ్లు పేకాడుతున్నారు. ఒక ముసలామె గోడకి చేరబడి చింతపండు గింజలు తీస్తోంది. “ఏటి సినిమా రా ఇది, పాటా లేదు, ఫైటూ లేదు,” అంటున్నాడు పేక కలుపుతున్నతను. తెర మీద నేను. సన్నగా, నల్లగా, ముప్ఫై ఇంకా నిండలేదు. గుడిసె ముందు నిలబడి ఆకాశం చూస్తున్నాను. తుఫాను సీను. ఒడ్డు సీను ఇంకా రాలేదు. రాలేదు.

“బాబూ, కొంచెం చూడనిస్తారా...”

అంతే. ఇల్లు పైకి లేచింది. “సూరమ్మత్త! ఓలప్పా, సూరమ్మత్త మనింటికొచ్చింది!” ఇంటాయన, వరహాలంట, పేక ముక్కలు వదిలేసి లుంగీ సర్దుకున్నాడు. ఇంటావిడ కుర్చీ తుడిచి తెచ్చి వేసింది. ఎక్కడ? టీవీకి అడ్డంగా, వాళ్ల వైపు తిప్పి. నా వీపు నా సినిమాకి. వరహాలు చెయ్యి చాపి టీవీ గొంతు తగ్గించాడు, నా మాట వినపడాలని. “ఓపాలి, అత్తా, ఓపాలి ఆ మాట!”

“నోర్ముయ్యండెహె! అడ్డం లేండి! నన్ను సినిమా చూడనివ్వండి!”

పడి పడి నవ్వారు. తిట్టినకొద్దీ నవ్వారు. ఇంటావిడ కళ్లు తుడుచుకుంటూ, “అచ్చం టీవీలోలాగే ఉంది,” అంది. కుర్చీ తోసేసి నేల మీద కూలబడ్డాను, తెర వైపు తిరిగి. తెర మీద ఆడవాళ్లు ఇసకలో కూర్చుంటున్నారు. ఆ పిల్ల ముడి విప్పుతోంది. వెనక దేముడమ్మ, అదిగో, పళ్లు బిగపట్టి.

“పెంచండి,” అన్నాను. పెంచాడు. స్వామీ, అంది ఆ గొంతు. తియ్యగా, శుభ్రంగా. పన్నెండేళ్ల తర్వాత కూడా ఒక్క ఇసక రేణువు అంటని గొంతు. “తగ్గించండి. అసలు లేకుండా తగ్గించండి.”

వరహాలు నా మొహం చూసి బొత్తాం చివరిదాకా తిప్పేశాడు.  తెర మీద నా నోరు తెరుచుకుంది. నేనూ తెరిచాను.

“ఓ దాలయ్యా... తెల్లారగట్ల గంజి తాక్కుండా ఎల్పోనావు కదరా... నీ కుండలో గంజి పులిసిపోతంది రా, దాలయ్యా...”

ఎవరో ఆడపిల్ల కిసుక్కుమంది. అననీ. తెర మీది పిల్ల పెదాలు ఎక్కడ ఆగుతాయో నాకు తెలుసు, ఎక్కడ ఊపిరి పడుతుందో తెలుసు, ఎక్కడ దేముడమ్మ మోకాలు వీపుకి తగిలి మాట తడబడుతుందో అదీ తెలుసు.

“నీ తెప్ప వొచ్చింది రా, నీ తెడ్డు వొచ్చింది రా, నువ్వేదిరా... నీ గొంగడి ఆరేసినాను, ఎవులు కప్పుకుంటార్రా... ఏ ఒడ్డున నిన్ను పిలవమన్నావురా, దాలయ్యా... అమ్మ పిలవనివ్వలేదురా, అక్క పిలవలేకపోయిందిరా, ఇదిగో పిలుత్తన్నాను రా, ఇటు తిరుగురా...”

కిసుక్కుమన్న పిల్ల ఎప్పుడు ఆగిందో తెలియదు. పేకాడేవాళ్లు ముక్కలు బోర్లించేశారు. తెర మీద తెప్పలన్నీ ఇటు తిరుగుతున్నాయి. నా గొంతు జీరపోయింది, ఈ గొంతుకి ఇప్పుడు నలభై దాటాయి, ఆ మొహానికి దాటలేదు, అయినా కుదిరింది. కుదిరింది దేముడమ్మా. సీను అయిపోయింది. ఎక్కడో బండి కూత వేసింది, చక్రాల చప్పుడు మొదలై దూరమైంది. ఎవరూ అటు చూడలేదు.

ముసలామె చేతిలో చింతపండు చేతిలోనే ఉంది.

“దాలయ్యెవులమ్మా?”

“జాలరిపేట దేముడమ్మ తమ్ముడు. ఏటకెల్లి రాలేదు.”

“ఎన్నాల్లయిందమ్మా?”

“నేను చిన్నపిల్లని అప్పుడు.”

ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది. వరహాలు తెర వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్లీ తెర వంక.

“అది... అది నువ్వేనేటమ్మా?”

అత్తా అనలేదు. అమ్మా అన్నాడు. నేను తల ఊపాను.  అతని చెయ్యి టీవీ మీదికి వెళ్లి ఆగింది.

“సౌండు పెంచీమంటావా?”

“వద్దు నాయనా. అలాగే ఉంచు. ఇంకా సినిమా ఉంది.”

“ఒరే, ఆ కుర్సీ తీసి అవతల పారీండి, ఆవిడికి అడ్డం,” అని ముసలామె అందర్నీ వెనక్కి జరిపింది. ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టారు. తెర మీద ఆ పిల్ల లేచి చీరకంటిన ఇసక దులుపుకుంది, అత్తగారి వైపు తిరిగింది. తర్వాతి మాట ఆ పిల్లదే. రెండు గుక్కలు తాగి, ఊపిరి పీల్చుకున్నాను.